కాగితంలో కోడలి పేరు

పోయేముందైనా అత్తగారు కాస్త మెత్తబడతారని కోడలు ఆశపడింది. అదీ అడియాసే అయింది. ఊపిరితిత్తులు మూడొంతులు పాడయ్యాయి, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం వచ్చింది, నోటికి మాత్రం ఏ జబ్బూ సోకలేదు. పొద్దున్నే దిండు గలీబు మారిస్తే, "దీన్ని ఇస్త్రీ చేశావా, నలిపి తెచ్చావా?" అన్నారు.

ఇంటికి వచ్చిన డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని కాగితం తీసింది. "రేపు మీకు స్పృహ లేకపోతే, మీ తరఫున మాకు జవాబు చెప్పే మనిషి ఒకరుండాలమ్మా. ఎవరి పేరు రాయను?"

కొడుకు గొంతు సవరించుకున్నాడు. కూతురు కళ్లద్దాలు సర్దుకుంది.

"కోడలి పేరు రాయండి," అన్నారు అత్తగారు.

"అదేమిటమ్మా, వదినకీ నీకూ ఉప్పూ నిప్పూ కదా?" అంది కూతురు.

"అందుకే. నువ్వైతే ఏడుస్తావు. వీడు నీకంటే ముందే మొదలెడతాడు. ఇద్దరూ కలిసి నన్ను మిషన్లకి తగిలించి నెలల తరబడి అట్టే పెడతారు. దానికి ఆ బాధ లేదు. నేనంటే గిట్టదు కాబట్టి నిమ్మళంగా పోనిస్తుంది."

ఇన్నాళ్లకి ఈ ఇంట్లో తనకో పదవి దక్కింది, అదీ రాతిగుండె కోటాలో, అనుకుంది కోడలు.

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "ఆవిడ కోరిక మీకు తెలుసో లేదో చూసుకోవాలి. మింగలేకపోతే పొట్టలోకి గొట్టం వేయమంటారా?"

"వద్దు. ముక్కుకున్నదానితోనే రోజూ పేచీ."

"ఆయాసం పెరిగితే మత్తుమందు?"

"ఇవ్వండి. ఆవిడకీ సుఖం, మా చెవులకీ సుఖం."

"మళ్లీ ఆస్పత్రికి?"

"వద్దు. అక్కడి నర్సులేం పాపం చేశారు?"

విన్నావా అన్నట్టు అత్తగారు కొడుకు వంక గర్వంగా చూశారు.

"ఇదే చివరిది. ఊపిరి ఆగేలా ఉంటే వెంటిలేటర్ పెట్టాలా, వద్దా?"

కోడలు వంగి దుప్పటి అంచు సరిచేసింది. సరిగ్గా ఉన్నదాన్నే మళ్లీ సరిచేసింది.

"వద్దనే రాయనా?"

"పెట్టండి," అంది నేలచూపులు చూస్తూ. "ఒక్క నాలుగు రోజులు పెట్టి చూడండి. ఆవిడ మొండిమనిషి. లేచినా లేస్తారు."

అత్తగారు ఆమెను చాలాసేపు ఎగాదిగా చూశారు.

"దీని పేరు కొట్టేయండి డాక్టరమ్మా. నేనే పొరబడ్డాను. దీనికీ నేనంటే ప్రాణమే."