పైకప్పు మీద పగులు

"అందరూ దేవదూతల్ని చూస్తుంటే మీరేంటండీ, ఆ మూలకేసి చూస్తారు?" భార్య మోచేత్తో పొడిచింది.

తాపీ మేస్త్రీ కదల్లేదు. ఆ ప్రార్థనా మందిరం పైకప్పు నిండా బొమ్మలే. మబ్బులు, రెక్కలు, వెలుగు. వీటిని చూడాలని ఆవిడ పదేళ్ళు పోరు పెడితే ఇన్నాళ్ళకి ప్రయాణం కుదిరింది. తీరా వచ్చాక ఆయన కళ్ళు ఓ మబ్బు పక్కనుంచి గోడదాకా దిగిన నల్లటి పగులు దగ్గరే ఆగిపోయాయి.

"పూత ఊడేలా ఉంది. పద బయటికి."

"మళ్ళీ మొదలెట్టారూ! హోటల్లో గోడ, స్టేషన్లో గోడ. ఇక్కడైనా మనిషిలా దణ్ణం పెట్టుకోండి."

ఆయన ఇరవై ఏళ్ళ కిందట ఓ బడి కప్పులో ఇలాంటి పగులే చూసి, రేపు చూద్దాంలే అనుకున్నాడు. ఆ సాయంత్రమే పెళ్ళలు ఊడి, కింద పని చేస్తున్న తమ్ముడి మీద పడ్డాయి. తమ్ముడు మళ్ళీ లేవలేదు. అది ఆవిడకీ తెలుసు. 

మేస్త్రీ నేరుగా కాపలాదారు దగ్గరికి వెళ్ళాడు. "బాబూ, జనాన్ని ఖాళీ చేయించు. పైన బీట వారింది."

"రోజూ ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారండీ," అన్నాడతను నింపాదిగా.

"రోజూ చెప్తున్నా పట్టదా! మనుషులా, మానులా మీరు? ఆ బెంచీల మీద అంతమంది ముసలివాళ్ళు కూర్చున్నారయ్యా!"

గొంతు మందిరమంతా ఖంగుమంది. జనం వెనక్కి తిరిగి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. భార్యకి తల కొట్టేసినట్టయింది. అయినా గబగబా వెళ్ళి, పగులు కింద కూర్చున్న ముసలమ్మని చెయ్యి పట్టి లేపింది.

"లేవండమ్మా, ఇటు రండి. మా ఆయన ఊరికే అరిచే మనిషి కాదు."

మేస్త్రీ గిరుక్కున ఆవిడ వైపు తిరిగాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నలుగురిలో తనని వెనకేసుకురావడం ఇదే మొదలు.

కాపలాదారు నిట్టూర్చి తాళంచెవి తీశాడు. "నోటితో చెబితే మీరు నమ్మరు. పైకి రండి, మీ చేత్తోనే చూసుకోండి."

ఇరుకు మెట్లెక్కితే పైకప్పు చేతికందేంత దగ్గరికి వచ్చింది.  మేస్త్రీ దాన్ని ముందు పిడికిలితో తట్టి చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత వేళ్ళని పగులు వెంట పైనుంచి కిందికి నడిపాడు. నమ్మకం చాలక మళ్ళీ నడిపాడు. అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

కిందనుంచి భార్య కేకేసింది. "ఏమైందండీ? బాగా లోతుగా ఉందా?"

ఆయన కళ్ళు తుడుచుకుని కిందికి తొంగిచూశాడు.

"పగులు కాదే, అదీ బొమ్మే!"