తిట్టినా లెక్కే

దేశంలోని గొప్ప ఇంజనీరింగ్ పరిశోధకుల ర్యాంకుల్లో పేరొచ్చినందుకు కాలేజీ సన్మానం చేసింది. శాలువా తీయకుండానే జెరెమియా సారు ప్రిన్సిపాల్ గదికి వెళ్లారు. ప్రిన్సిపాల్ కల్పలత ఒకప్పుడు ఆయన శిష్యురాలు.

"వంతెన శ్లాబుల మీద నేను రాసిన పరిశోధన పేపరు వెనక్కి తీసుకుంటానమ్మా. అందులో నా ఫార్ములా తప్పు. మిగతా పరిశోధకులంతా తమ పేపర్లలో నా పేరు రాసింది ఆ తప్పు చూపడానికే."

"తిట్టినా లెక్కే సార్. ఎంతమంది మీ పేరు రాస్తే అంత పెద్ద ర్యాంకు. అది పోతే మన కాలేజీకి పక్కనున్న నేరేడ్‌మెట్ నుంచి సుత పిల్లలు రారు."

"తిట్టేవాళ్లు ఇంకా అంతమంది ఉన్నారా?"

కల్పలత నవ్వింది.

"వాళ్లెప్పుడో ఆపేసిన్రు సార్. ఇప్పుడు రాసేది మన పిల్లలే. ఫైనలియర్ల అందరూ పరిశోధన పేపరు రాయాలె, అండ్ల మీ పేపరు పేరు ఉండాలె. లేకుంటే నేను సంతకం పెట్ట."

"తప్పని రాస్తున్నారా?"

"మా సారుది తప్పని ఎట్ల రాయిస్త? మీ ఫార్ములాతోనే లెక్కలు చేపిస్తున్న."

సారు శాలువా తీసి కుర్చీ మీద పెట్టారు.

"క్లాసులో లెక్కలే కదమ్మా?"

"మొదటి బ్యాచ్ పోయినేడే ఉద్యోగాల్ల చేరింది సార్. ఫ్లైఓవర్లు డిజైన్ చేస్తున్నరు."