షట్టర్ సగం దించాక

కమలకు అన్నిటికంటే పెద్ద భయం, ఆట మధ్యలో పాప నిద్ర లేస్తుందేమోనని.

దొంగలన్నా, కర్ఫ్యూ అన్నా ఆమెకు అంత భయం లేదు. పాప ఒక్కసారి గొంతెత్తితే చాలు, లోపల పడుకున్న సోమయ్య లేస్తాడు. లేచి వస్తే, మిషన్ ముందు నిలబడి ఉన్నది తన పెళ్లామేనని చూస్తాడు. ఆ రోజు నుంచి మిషన్ తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది.

బహదూర్‌పురాలో సోమయ్యది తాతల నాటి కిరాణా కొట్టు. దాన్ని సగానికి అడ్డం కట్టి, ఆ సగంలో మూడు వీడియో గేమ్ మిషన్లు పెట్టాడు. జూ చూడవచ్చిన వాళ్లు, కాలేజీ ఎగ్గొట్టిన వాళ్లు పొద్దున్నుంచే మూగుతారు. మధ్యాహ్నం షట్టర్ సగం దించి, అన్నం తిని ఆయన నడుం వాలుస్తాడు. ఆ వేళలో దుకాణం ఊడ్వడం కమల పని.

కమల గబగబా ఊడ్చేస్తుంది. తర్వాత మిషన్‌కున్న చిన్న తలుపు తాళంచెవితో తీసి, బిళ్ల పడే చోట తీగను వేలితో నొక్కుతుంది. బిళ్ల పడిందనుకుని మిషన్ పాట అందుకుంటుంది.

ఆటలు ఆమెకు కొత్త కాదు. పురానాపూల్‌లో, పుట్టింటి అరుగు మీద, గచ్చకాయలైనా పచ్చీసైనా ఆమెతో కూర్చుని గెలిచి లేచిన వాళ్లు లేరు. ఏడో తరగతిలో బడి మాన్పించారు. ఆట మాన్పించడం మాత్రం ఎవరివల్లా కాలేదు. ఆ పని పెళ్లి చేసింది.

మళ్లీ ఈ మిషన్లు వచ్చాయి.

కార్ల ఆట ఆమెకు పెద్దగా పట్టదు. ఎంత దూరం పోయినా అదే రోడ్డు. పైనుంచి బారులు తీరి దిగే పురుగులను కాల్చే ఆట నయం. అన్నీ చచ్చాక ఒక్క క్షణం తెర ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ చూడటం కోసమే అది ఆడుతుంది. ప్రాణం మాత్రం చుక్కలు మింగుతూ పోయే పసుప్పచ్చ మూతి ఆట మీదే. సందుసందునా దయ్యాలు తరుముతాయి. మూలనున్న పెద్ద చుక్క మింగితే అవే దయ్యాలు నీలంగా మారి పారిపోతాయి. తరిమిన వాళ్లను తిరిగి తరమడం ఆమెకు ఇంకెక్కడా కుదరలేదు.

ఆట అయ్యాక తెర మూడు ఇంగ్లీషు అక్షరాలు అడుగుతుంది. కె, ఎమ్, ఎల్. ఏడో తరగతి చదువు ఆమెకు అక్కరకొచ్చింది అక్కడే. సాయంత్రం ఆటగాళ్లు వచ్చేసరికి ఆ అక్షరాలు అందరికంటే పైన ఉంటాయి.

"ఎవరన్నా గీ కమల్ భాయ్?" అని ప్రహ్లాద్ రోజూ అడుగుతాడు. డిగ్రీ పేరు చెప్పి ఇక్కడే తేలే మొనగాడు అతను. "ఒక్కసారి మొఖం చూపియ్యుమను. కాళ్లు మొక్కుత."

"నాకేం ఎరుక. నేను గల్లా దిక్కు చూస్తనా, మిషన్ల దిక్కు చూస్తనా," అంటాడు సోమయ్య.

"వానికి ఇల్లు, పిల్లలు గిట్ల ఉండరన్నా. ఉన్నోనికి గంత చెయ్యి కుదరది."

పరదా వెనక పాపకు పాలిస్తూ కమల వింటుంది. నవ్వు రాదు.

పాపకు ఎనిమిది నెలలు. బస్సులు హారన్లు కొట్టినా, షట్టర్ గడగడలాడినా మధ్యాహ్నం కళ్లు తెరవదు. అత్త సుశీలమ్మ వాడకట్టంతా చెప్పుకుంటుంది. "బిడ్డను పెంచుడు మా కమలను చూసి నేర్సుకోవాలె. ఏడుపన్నదే వినలే."

నిన్న సాయంత్రం ప్రహ్లాద్ ఆమె స్కోరు దాటేశాడు. కమల్ భాయ్ కిందికి దిగాడని కుర్రాళ్లంతా ఈలలు వేశారు. ఆ ఈలలకు కమల రాత్రి అన్నం సగంలో వదిలేసింది. ఆమె పేరు ఆమె చేత్తో పైకెక్కించుకున్నది ఈ లోకంలో ఆ ఒక్క చోటే.

ఇవాళ వంట కాగానే అత్త పూలు తెస్తానని గుడిమల్కాపూర్ వెళ్లింది. కమల పెరట్లో బట్టలు పిండి వచ్చేసరికి పాప ఉయ్యాలలో మగతగా ఉంది. ఆ మగతను ఆమె నమ్మలేదు. ఇవాళ మధ్యలో లేస్తే కుదరదు. పక్కన కూర్చుని జోకొట్టి, నిద్ర గట్టిపడిందని తేల్చుకున్నాకే దుకాణంలోకి వచ్చింది.

ఇంత బాగా ఆమె ఎప్పుడూ ఆడలేదు. దయ్యాలు ఏ సందులో తిరుగుతాయో ముందే తెలిసినట్టు చెయ్యి దానంతటదే పోయింది. ప్రహ్లాద్ అంకె దాటింది. దాటాక కూడా చాలాసేపు ఆడింది. మిషన్ ఎంత గట్టిగా పాడిందంటే లోపల సోమయ్య దగ్గి పక్కకు ఒత్తిగిలాడు. పాప మాత్రం కిక్కురుమనలేదు. నా తల్లే, నా బంగారమే అనుకుంటూ కమల మూడు అక్షరాలు నొక్కింది.

షట్టర్ కింద నుంచి వంగి, పూల సంచితో అత్త లోపలికొచ్చింది. కమల చీపురు అందుకుంది.

"ఇంకా ఊడుస్తనే ఉన్నవా? పిల్ల లేసిందా?"

"లేదు అత్తమ్మా."

"యాడ లేస్తది. నేను పోయేముందు మస్తు లొల్లి చేసింది. నీకు బట్టల పని సాగదని జర నల్లమందు నాకించి పోయిన. మా కాలంల పిల్లలందరిని గట్లనే పండవెట్టినం. నువ్వంటే మందు లేకుండనే నిద్రవుచ్చుతవు, నాకు గా విద్య రాదాయె."

అత్త డబ్బీలోంచి రోజూ దొంగతనంగా తీసే ఆ నల్లమందునే కమల ఇవాళ కూడా ఆటకు ముందు పాపకు నాకించింది, ఇప్పుడు ఆమెకు కాళ్లు కదలడం లేదు, మీలో ఎవరైనా తొందరగా వెళ్లి ఆ ఉయ్యాలలోకి తొంగి చూడండి.