చీమ వేసిన మెలిక

ఒక వాకిట్లో రోజూ బియ్యప్పిండితో ముగ్గేసేవారు. ఆ పిండి పుట్టకి మోసి మోసి బుల్లెమ్మ అనే చీమకి మెలికలంటే పిచ్చి పట్టుకుంది. ఒకనాడు నోట్లో పిండితో తిన్నగా పోకుండా, గుండ్రంగా తిరిగి మెలికేసి మరీ నడిచింది. చీమలు ముందున్నదాని వాసన పట్టుకునే కదా నడుస్తాయి. వెనకున్న మూడొందల చీమలూ బరువులతో అలాగే తిరిగాయి.

వరసకి పెద్దయిన నరసక్క మండిపడింది. "ముగ్గులేసుకుంటావో, పిండి మోస్తావో తేల్చుకో."

బుల్లెమ్మ రోషంతో వరస వదిలేసి, గోడ అవతల రోజంతా మెలికలే వేసింది. ఎంత బాగా వచ్చినా వెనక నడిచేవాళ్లు లేరు. ఎవరూ నడవని దారిలో వాసన ఎంతసేపుంటుంది? సాయంత్రానికి అన్నీ ఆరిపోయాయి.

మర్నాడు తలొంచుకుని వరస దగ్గరికొచ్చింది. నరసక్క జరిగి చోటిచ్చింది. బుల్లెమ్మ పొద్దంతా తిన్నగా మోసింది. పనయ్యాక మాత్రం ఉండబట్టలేక, పుట్ట గుమ్మం ముందు ఒక్క మెలిక వేసి పడుకుంది.

తెల్లారి చూస్తే అది ఆరలేదు. వాసన నిన్నటికంటే చిక్కగా ఉంది. దాని మీద నరసక్క నడుస్తోంది, పాపం, మలుపు దగ్గర తడబడుతూ.

"అక్కా, నువ్వా?"

"ఆరిపోతుందేమోనని," అంది నరసక్క, తలెత్తకుండా. "ఇక్కడ కుడికా, ఎడమకా?"