విడిపోని మెలిక

"తలుపేసి చెప్పమ్మా," అన్నారు ప్రొఫెసర్.

పరిశోధకురాలు తలుపేసి ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయనకు పేరు తెచ్చిన సిద్ధాంతం మీదే తన నాలుగేళ్ల థీసిస్ నిలబడింది.

ఐడీ కార్డు రిబ్బను కొసను పుస్తకం కింద అదిమి, కార్డును ఒక చుట్టు తిప్పింది. మళ్లీ తిప్పకుండా ఎటు జరిపినా మెలిక పోలేదు. రెండో చుట్టు కూడా అటే తిప్పి, కార్డును రిబ్బను చుట్టూ దాటించగానే మెలికలన్నీ విడిపోయాయి.

"ఎలక్ట్రానూ ఇంతే కదా సార్. రెండు చుట్లు తిరిగితేగానీ మొదటికి రాదు. మీ పేపరు పదకొండో పేజీలో మీరు... ఒక్క చుట్టుకే వచ్చేస్తుందన్నారు."

ఆయన కేకలేయలేదు. సొరుగులోంచి ఆ పేపరు పాత ప్రతి తీశారు. అదే వాక్యం చుట్టూ ఎర్ర సిరా. పక్కన ఆయన చేతిరాతలోనే ఐదేళ్ల కిందటి తేదీ.

"తెలిసే నాకీ థీసిస్ ఇచ్చారా సార్?"

"చెప్పే ధైర్యం లేకపోయిందమ్మా. ఎవరు తలుపు తట్టినా దీనికేనేమోనని రోజూ హడలి చస్తున్నా."

ఆమె ఆ ప్రతిని చేతిలోకి తీసుకుని లేచి, తలుపు బార్లా తెరిచింది.