వేళ తప్పని మాత్ర

డాక్టరు ఫైలు మూసేసి, ఇక ఆస్పత్రిలో చేర్చాల్సిందే అన్నాడు.

ఎనిమిది నెలల్లో నాలుగు రకాల మందులు మారాయి. మోతాదు రెట్టింపయింది. తల్లి మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంది. గోడలు తన మీద చాడీలు చెప్పుకుంటున్నాయంటుంది. కుళాయి తిప్పితే నీళ్లలో ఎవరో నవ్వుతున్నారంటుంది.

ఇల్లు ఇల్లులా లేదు. బస్సు నడిపే తండ్రి సెలవు రోజున కూడా డిపోకి పోయి కూర్చుంటున్నాడు. పెళ్లయిన పెద్దకూతురు ఆదివారాలు వస్తుంది. ఒకప్పుడు తల్లికి ఆ పిల్లే లోకం. ఇప్పుడు గుమ్మంలో కనిపిస్తే చాలు, దొంగది వచ్చిందంటూ చేతికందింది విసురుతుంది. పాపం, పెద్దది మెట్ల మీదే కాసేపు ఏడ్చి వెళ్లిపోతుంది.

ఇక మిగిలింది చిన్నకూతురు. కళ్లజోళ్ల కొట్లో అద్దాలు బిగించే పనిని ఒంటిపూటకి తగ్గించుకుంది. తల్లికి స్నానం, తల దువ్వడం, వేళకి మాత్ర మింగించడం అన్నీ ఆమే. వచ్చిన రెండు సంబంధాలూ వద్దంది. ఈ కాలంలో ఇలాంటి పిల్లా అని ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు.

నిజానికి బాగున్న రోజుల్లో ఆ తల్లికి ఈ పిల్లంటే గిట్టేది కాదు. ఇది కడుపున పడ్డాకే తన టీచరు ఉద్యోగం ఊడిందని కక్ష. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి నోరారా పిలవలేదు. "ఏయ్" అనేది. లేదంటే "అదెక్కడ చచ్చింది?" అనేది. ఇప్పుడేమో చిన్నదాని చున్నీ కొస వదలదు.

"అమ్మా, నన్నొదిలి ఎక్కడికీ పోకమ్మా," అంటుంది. చిన్నది వేలు అందిస్తే, అది పట్టుకుని నిద్రపోతుంది.

"మీ అమ్మ నీకు చేసిందంతా మర్చిపోయి చాకిరీ చేస్తున్నావు," అన్నాడు తండ్రి, ఆస్పత్రి వరండాలో. "కట్టుకున్నవాణ్ణి, నాకే చేతకాలేదు."

చిన్నది తల దించుకుంది. చేరిస్తే మందులు నర్సులే వేస్తారట. ఇంటివాళ్లని దగ్గరికి రానివ్వరట. మూడు నెలల్లో మనిషి మునుపటిలా అయిపోతుందని డాక్టరు ఖాయంగా చెప్పాడు. ఆ మాటకి తండ్రి ముఖంలో ఎన్నాళ్లకో జీవం వచ్చింది. ఫోనులో పెద్దది సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

"ఒక్క నెల ఆగుదాం నాన్నా," అంది చిన్నది. "అక్కడ నేను లేకపోతే బెంగపెట్టుకుంటుంది."

తండ్రికి కళ్లు చెమర్చాయి. సంతకం పెట్టబోయిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం తల్లికి అన్నం తినిపించి, మూతి తుడిచి, చిన్నది తలుపు గడియపెట్టి వారానికి సరిపడా మాత్రలు సర్దింది: ఈ ఎనిమిది నెలలుగా చేస్తున్నట్టే, డాక్టరు రాసినవన్నీ బాత్రూములో పారబోసి, డబ్బా గళ్లన్నిట్లో ఉత్త కాల్షియం బిళ్లలు నింపింది.