ఇక్కడ కాదు

మామగారిని ఏమైనా అడగవచ్చు గానీ ఒక మాట ఎలా రాయాలో మాత్రం అడగకూడదని కోడలు కాపురానికొచ్చిన వారంలోనే తెలుసుకుంది. అచ్చాఫీసులో నలభై ఏళ్ళు తప్పులు దిద్దిన మనిషి. ఫలానా అక్షరానికి ఒత్తు ఉందా అంటే తలెత్తకుండా "నిఘంటువులో చూడు" అంటారు. ఎలా రాయాలో తెలియకుండా ఎక్కడని వెతకడం, తెలిస్తే వెతకడమెందుకు అని ఆమె తన డిగ్రీ తెలివితో వాదించి చూసింది. "చూడు, దొరుకుతుంది" అన్నారాయన, రెండో మాట ఖర్చయిపోతుందేమో అన్నట్టు.

ఇవాళా అదే జవాబు.

అత్తగారు పోయి మూడు వారాలు. ఆవిడ పేరున నిలబెట్టే రాతి మీద ఏం చెక్కించాలో కొడుకు నోటితో చెప్పేసి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. రాసి పంపే పని కోడలి మెడకు చుట్టుకుంది. నాలుగు గంటలకల్లా కాగితం చేరాలని, చెక్కాక తప్పని తేలితే దిద్దే పూచీ తనది కాదని రాళ్ళు చెక్కే ఆయన రెండుసార్లు ఫోను చేశాడు. 'ఇంటిల్లిపాదికీ శుశ్రూష చేసిన తల్లి' అని రాయాలి. ఆ మూడక్షరాల్లో ఏ 'శ' ఎక్కడో ఆమెకు తేలలేదు.

మామగారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన ఏడవలేదు. ఇంట్లో ఎవరూ ఏడవలేదు. వేళకి తిన్నారు, వేళకి పడుకున్నారు. రిటైరయినా అచ్చాఫీసు వాళ్ళు దిద్దడానికి ఇంటికి పంపే కాగితాలు కట్ట విప్పకుండా కుర్చీ పక్కనే ఉన్నాయి. మునుపైతే ఆ కట్ట పట్టుకుని వంటింటి గడప దగ్గర పీట వేసుకునేవారు. హాల్లో ఫ్యాను గాలికి కాగితాలు ఎగురుతాయనేవారు. అత్తగారు కూర తరుగుతూ ఉండేది.

నిఘంటువు కూడా వంటింట్లోనే, బియ్యం డబ్బా మీద. దానికక్కడ ఏం పనని ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో గొడుగు ఉండేదీ అక్కడే.

కోడలు 'సు' దగ్గర తెరిచింది. మాట లేదు. పక్కన ఖాళీలో సన్నటి పెన్సిలు రాత ఉంది: "ఇక్కడ కాదు. 1104 చూడు."

1104లో ఉంది, శుశ్రూష.

ఆ రాత ఆమె ఎరిగినదే. పప్పుల డబ్బాల మీది చీటీల్లోది, అయిదో తరగతితో చదువు ఆపేసిన అత్తగారిది. పేజీలు తిప్పింది. ఇక్కడ కాదు, 96. ఇక్కడ కాదు, 730. పొరపడ్డ చోటల్లా దారి చెప్పే రాత. కొన్ని చోట్ల పెన్సిలు వెలిసిపోయి ఉంది, కొన్ని చోట్ల పసుపు మరక.

మూడు వారాలుగా మొద్దుబారిన ఒంట్లో ఏదో కదిలింది. కోపమే అయ్యుండాలి. పుస్తకం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

"అత్తయ్యనీ ఇలాగే తిప్పారా మామయ్యగారూ? వెతికి వెతికి, తప్పిన చోటల్లా గుర్తు పెట్టుకుంది పాపం. ఒక్కసారి నోటితో చెబితే మీ సొమ్మేం పోయేది?"

ఆయన పెన్సిలు రాత మీద వేలు ఆనించి, చెరిగిపోతుందేమోనని మళ్ళీ తీసేశారు. పేజీ తిప్పారు. ఇంకోటి తిప్పారు.

గోడ గడియారంలో మూడున్నర.

"ఆవిడకి వెతకాల్సిన పనెప్పుడూ లేదమ్మా" అన్నారు చివరికి. కాళ్ళ దగ్గరున్న కాగితాల కట్టను కొంచెం అవతలికి జరిపారు.

"ఆ తప్పులన్నీ నావి."